భద్రాచలం అటవీ సరిహద్దులో హెచ్‌ఐవీ చికిత్స: వైద్య సిబ్బందికి సంభాషణలో శిక్షణ

హెచ్‌ఐవీ సోకినవారికి మందు దొరకడమే గగనమైన కాలం తెలుగు నేల మీద గడిచిపోయి రెండు దశాబ్దాలు దాటింది. శరీరంలో వైరస్ పెరగకుండా అణచి ఉంచే యాంటీ రెట్రోవైరల్ చికిత్సను, అంటే వాడుకలో ఏఆర్‌టీగా పిలిచే చికిత్సను, కేంద్ర ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచితంగా ఆరంభించినప్పుడు, వ్యాధి తీవ్రత దృష్ట్యా ముందుగా ఎంచుకున్న ఆరు రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017 నుంచి, రోగనిరోధక శక్తిని సూచించే సీడీ4 కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా, వ్యాధి నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ చికిత్స మొదలుపెట్టాలన్నది జాతీయ విధానమైంది. డొల్యుటెగ్రావిర్, టెనోఫోవిర్, లామివుడిన్ కలిసిన ఒకే మాత్ర ఇప్పుడు చాలామందికి రోజుకొకసారి సరిపోతుంది. చికిత్స ఇంత సులువైన తరువాత కూడా మధ్యలో మానేసేవారు ఉన్నారంటే, మందు అందించే వ్యవస్థతో పాటు, మందు ఇచ్చేటప్పుడు నడిచే సంభాషణను కూడా పరిశీలించవలసి ఉంటుంది. ఆ సంభాషణను మార్చడానికి సిబ్బందికి ఇచ్చే శిక్షణ ఎందుకు తరచు నిలవదు, ఖమ్మం, భద్రాచలం అటవీ ప్రాంతంలో అది నిలవాలంటే ఏ రూపం తీసుకోవాలి అన్నవి ఈ వ్యాసం చర్చించే విషయాలు.

2021 జాతీయ అంచనాల ప్రకారం వయోజనులలో హెచ్‌ఐవీ వ్యాప్తి దేశం మొత్తం మీద 0.21 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47 శాతం. భద్రాచలం చుట్టుపక్కల ఈ రెండు రాష్ట్రాల మధ్య గీత 2014లో మారింది. పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవగా, భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైంది. ఆసుపత్రి ఒక రాష్ట్రంలో, ఊరు మరొక రాష్ట్రంలో ఉన్న రోగి సంగతి అధికారుల పటంలో చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, రోగి పేరు ఏ రిజిస్టరులో ఉండాలి, మందు ఎవరు ఇవ్వాలి, రాకపోతే ఎవరు వాకబు చేయాలి అన్న ప్రశ్నలన్నీ దాని నుంచే పుడతాయి. దీనికి తోడు ఇక్కడి కోయ, కొండరెడ్డి కుటుంబాల బతుకు ఋతువులను బట్టి కదులుతుంది. వేసవి మొదలవుతూనే మిరప తోటల్లో కోతలు, ఏప్రిల్, మే నెలల్లో తునికాకు సేకరణ, తొలకరికి పోడు పనులు వస్తాయి. వానాకాలంలో గోదావరి సంగతి సరే సరి. 2022 జులై 16న భద్రాచలం వద్ద నీటిమట్టం మూడో ప్రమాద హెచ్చరిక స్థాయి అయిన 53 అడుగులను ఎంతో దాటి 71.3 అడుగులకు చేరింది. దారులు మునిగిన రోజుల్లో మాత్ర వేసుకోలేకపోయిన మనిషిని నిర్లక్ష్యపరుడని రాసుకోవడం ఎంత తేలికో, అంత తప్పు కూడా.

మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతి హెచ్‌ఐవీ రంగంలో పుట్టలేదు. అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ మద్యపాన సమస్య ఉన్నవారితో చేసిన పని ఆధారంగా 1983లో దీన్ని మొదట వివరించారు. స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో తొలి గ్రంథం వెలువరించారు. తెలుగులో దీనిని ప్రేరణాత్మక సంభాషణ అనవచ్చు. మారాలనీ ఉండి, మారకూడదనీ ఉండే మనిషిలోని ఊగిసలాటను ఇది రోగలక్షణంగా గాక సహజస్థితిగా చూస్తుంది. అటువంటి మనిషికి ఒక పక్షాన వాదన వినిపిస్తే, అతడు తనకు తెలియకుండానే రెండో పక్షం తీసుకుంటాడు. మందు మానవద్దని నర్సు గట్టిగా చెప్పే కొద్దీ, ఎందుకు మానవలసి వచ్చిందో చెప్పే కారణాలు రోగి నోట పెరుగుతాయి. కాబట్టి మార్పుకు కావలసిన కారణాలు రోగి నోటి నుంచే వచ్చేలా సంభాషణను నడపాలన్నది దీని మూలసూత్రం. అందుకు వాడే సాధనాలు నాలుగు: జవాబు అవును, కాదులతో తేలిపోని ప్రశ్న, రోగిలోని బలాన్ని గుర్తించి చెప్పడం, రోగి అన్న మాటలోని భావాన్ని తిరిగి అతడికే వినిపించడం, అక్కడక్కడ ఆగి విన్నదంతా కూర్చి చెప్పడం. మద్యం చుట్టూ రూపుదిద్దుకున్న పద్ధతి కావడం వల్ల, ఇప్పసారా పండుగలోను, పెళ్ళిలోను, చావులోను భాగమైన ఈ ప్రాంతానికి ఇది మరీ పరాయిది కాదు. తాగిన రాత్రి మాత్ర వేసుకోకూడదన్న అపోహతో మందు మానుకునే రోగికి మద్యం, మందు రెండూ ఒకే సంభాషణలోకి వస్తాయి.

ఆసుపత్రులలో సాధారణంగా జరిగేది దీనికి భిన్నం. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఏఆర్‌టీ కౌన్సెలర్ల సంభాషణలను పరిశీలించిన సారా డ్యూయింగ్ బృందం, వాటిలో ఎక్కువ భాగం సమాచారం, సలహాలే ఉన్నట్లు గమనించింది. తప్పు కనిపించగానే దిద్దాలన్న ఆత్రాన్ని మిల్లర్, రోల్నిక్‌లు ఈ పద్ధతికి మొదటి అడ్డంకిగా గుర్తించారు. ఆ ఆత్రం నిజానికి మంచి మనసు నుంచే వస్తుంది. అయితే దాన్ని వ్యక్తి స్వభావానికే ముడిపెట్టడం సరికాదు. గది బయట వరుస పెరుగుతుండగా, రిజిస్టరులో ‘కౌన్సెలింగ్ చేయడమైనది’ అని రాయవలసిన గడి ఎదురుగా ఉండగా, చెప్పడం పనిగాను, వినడం ఆలస్యంగాను లెక్కకు వస్తుంది. ఆ గడి మారకుండా మనిషిని మార్చాలనుకునే శిక్షణ సగంలోనే ఆగుతుంది.

పద్ధతుల తేడాను చూపడానికి, శిక్షణలో వాడదగిన ఒక కల్పిత సందర్భాన్ని తీసుకోవచ్చు. “తునికాకు తెంపనీకి పోయినప్పుడు గోలీలు ఎంట తీస్కపోలే మేడం” అని రోగి అంటాడు. “రోజూ వేసుకోవాలని చెప్పాను కదన్నా, ఇట్లా మానేస్తే ప్రాణం మీదికి వస్తది, ఇకనుంచి మానవు గదా?” అన్నది అలవాటైన జవాబు, దానికి “మానను మేడం” అన్న మాట తప్ప రోగికి వేరే దారి లేదు, సంభాషణ అక్కడితో ముగుస్తుంది. “కల్లం కాడ నలుగురిలో డబ్బా తీయడం ఇబ్బందైంది. ఇంటికాడ ఉన్నన్నాళ్ళు మాత్రం ఒక్క రోజూ తప్పలేదన్నా” అని అదే నర్సు అంటే, రోగి చెప్పని కారణాన్ని ఆమె ఊహించినట్టూ అయింది, అతడు చేసిన మంచిని గుర్తించినట్టూ అయింది. ఊహ తప్పైతే రోగి దిద్దుతాడు. దిద్దడం కూడా సంభాషణే. “నలుగురని కాదు మేడం, మా బావమరిది ఒక్కడు చూడొద్దు” అన్న వాక్యం అప్పుడే బయటికి రావచ్చు. ఆ తరువాత మాత్రలను వేరే పొట్లంలో కట్టుకోవడమా, వేళ మార్చుకోవడమా అన్నది రోగి తనే వెతుక్కునే ఉపాయమవుతుంది.

ఈ నాలుగు సాధనాలలో భావాన్ని తిరిగి వినిపించడమే అన్నిటికన్నా కష్టం. ప్రశ్న అడగడం ఏ ఉద్యోగికైనా వచ్చు. ప్రశ్న అడగకుండా, సలహా ఇవ్వకుండా, విన్నదాన్ని ఒక వాక్యంగా చెప్పి ఆగడం ఎవరికీ సహజంగా రాదు. పైగా స్వరం చివర కాస్త పైకి లేస్తే చాలు, ఆ వాక్యం తెలుగులో ప్రశ్నగా మారి రోగిని సంజాయిషీలోకి నెడుతుంది. వరుస పెట్టి పిలిచే పిలుపు కూడా చిన్న విషయం కాదు. అన్న, అక్క, అవ్వ అన్న పిలుపులో చనువుతో పాటు మందలించే అధికారం కూడా కలిసి వస్తుంది. ఆశా కార్యకర్త ఊరి ఆడబిడ్డ అయినప్పుడు ఆమె మాట ఆరోగ్యశాఖ మాటగా గాక, ఇంటి మనిషి దెప్పుగా వినిపించే ప్రమాదం ఉంది.

శిక్షణ విషయంలో లభిస్తున్న ఆధారం స్పష్టంగానే ఉంది, నిర్వాహకులకు రుచించేది కాకపోయినా. మిల్లర్, మౌంట్ 2001లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో 22 మంది కౌన్సెలర్లు ఒక వర్క్‌షాప్‌కు హాజరై, తాము బాగా నేర్చుకున్నామని నమ్మారు. రికార్డు చేసిన సంభాషణలను విని లెక్కగట్టినప్పుడు కనిపించిన మార్పు, ఎదుటివారి స్పందనను మార్చగలిగేంతగా లేదు. 2004 నాటి పెద్ద ప్రయోగంలో వర్క్‌షాప్‌తో వచ్చిన నైపుణ్యం, తరువాత తోడ్పాటు లేనివారిలో నెలలు గడిచే కొద్దీ సన్నగిల్లగా, తమ సంభాషణపై అభిప్రాయం, అనుభవజ్ఞుల నుంచి వ్యక్తిగత మార్గదర్శనం అందినవారిలో నిలిచింది. అంటే రెండు రోజుల సమావేశం, భోజనం, ధ్రువపత్రం అన్న క్రమం శిక్షణకు ఆరంభం మాత్రమే. అసలు శిక్షణ ఆ తరువాతి ఆరు నెలల్లో, సిబ్బంది తమ పనిచోటే తమ మాటను తాము వినడంలో ఉంది.

తమ మాటను వినాలంటే దాన్ని రికార్డు చేయాలి. హెచ్‌ఐవీ విషయంలో అది చట్టాన్ని తాకుతుంది. 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం, ఎరుకతో కూడిన అనుమతి లేనిదే ఒకరి వ్యాధిస్థితిని బయటపెట్టడాన్ని సాధారణంగా నిషేధిస్తుంది. రోగి గొంతు ఉన్న ధ్వని ముద్రణ ఒక సెల్‌ఫోన్‌లో మిగిలిపోతే ఏమవుతుందో ఊరి తీరు తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. కనుక మొదటి నెలల్లో సహోద్యోగి రోగి పాత్ర ధరించే అభినయ సంభాషణలను మాత్రమే రికార్డు చేయడం, నిజమైన సంభాషణకు రోగి ఒప్పుకున్నప్పుడు మార్గదర్శకుడు పక్కన కూర్చుని వినడం ఈ ప్రాంతానికి అనువైన పద్ధతులు.

భాష మరొక చిక్కు. గోండీకి దగ్గరి బంధువైన కోయ భాష ఇంట్లో మాట్లాడేవారికి, 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ నుంచి పెద్ద సంఖ్యలో వచ్చి అడవిలో గూడేలు కట్టుకున్న గుత్తికోయలకు, తెలుగు సంతభాష, ఆఫీసుభాష. దుభాషి అవసరమైనప్పుడు తోడు వచ్చిన బంధువునే ఆ పనికి పెట్టడం తేలికైన మార్గం; గోప్యత అక్కడే పోతుంది. గోప్యత నిలిచినా సంభాషణ నిలవకపోవచ్చు, ఎందుకంటే నర్సు వాక్యాన్ని ప్రశ్నగా మార్చి, రోగి నాలుగు వాక్యాలను ‘కుదరలేదంట’ అన్న ఒక్క మాటకు కుదించడం శిక్షణ లేని దుభాషి అలవాటు. కోయ మాట్లాడగల ఆశా కార్యకర్తలను, ఏఎన్‌ఎమ్‌లను దుభాషులుగా గాక నేరుగా సంభాషించేవారిగా తయారుచేయడం ఇందుకు మెరుగైన మార్గం. అది అసాధ్యమేమీ కాదు: గ్రామీణ ఆంధ్రప్రదేశ్‌లో అడెలిన్ న్యామతి బృందం హెచ్‌ఐవీ సోకిన 68 మంది మహిళలతో జరిపి 2012లో ప్రచురించిన తొలి ప్రయోగంలో, శిక్షణ పొందిన గ్రామీణ ఆశా మహిళల తోడ్పాటు అందినవారు మందులను మరింత క్రమంగా వాడారు. ఆ ప్రయోగంలో ఇచ్చింది ప్రేరణాత్మక సంభాషణ శిక్షణే అని చెప్పలేం. తోడు వెళ్ళడం, పౌష్టికాహారం వంటివి కూడా అందులో కలిసి ఉన్నాయి. మరోవైపు, దక్షిణ భారతంలోని మూడు చికిత్సా కేంద్రాలలో 631 మందితో జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో, వారం వారం ఫోన్ ద్వారా మందు గుర్తుచేయడం వల్ల చికిత్సా ఫలితంలో మార్పు రాలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మరపు ఒక్కటే సమస్యగా భావించే ఏర్పాట్ల పరిమితి కనిపిస్తుంది.

అయితే ప్రేరణాత్మక సంభాషణను సర్వరోగ నివారిణిగా చూపడం దానికే చేటు. హెచ్‌ఐవీ రోగులలో మందుల క్రమంపై దాని ప్రభావాన్ని కొలిచిన ప్రయోగాల ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి. ఊగిసలాట లేని చోట, అంటే రోగికి వేసుకోవాలనే ఉండి, బస్సు లేకనో, వరద వల్లనో, కూలి పోతుందనో రాలేకపోయిన చోట ప్రేరణ గురించి మాట్లాడటం అవమానమే. అక్కడ కావలసింది ఒకేసారి కొన్ని నెలలకు సరిపడా మందు. కొన్నిచోట్ల సూటిగా చెప్పి తీరాలి కూడా: క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్న రోగి పన్నెండు గంటల ఎడంతో డొల్యుటెగ్రావిర్ మాత్ర అదనంగా మరొకటి వేసుకోవలసి ఉంటుంది, దాన్ని రోగి తనంతట ఊహించలేడు. అటువంటప్పుడు ముందు అతడికి తెలిసింది అడిగి, అనుమతితో కొత్త విషయం చెప్పి, విన్నదాని గురించి ఏమనుకుంటున్నాడో మళ్ళీ అడగాలని ఈ పద్ధతి చెబుతుంది. చెప్పడాన్ని అది నిషేధించలేదు, ముందూ వెనకా వినడాన్ని చేర్చింది.

శిక్షణ ఎవరితో మొదలుపెట్టాలన్నది చివరికి నిధుల మీద కన్నా బదిలీల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. తరచు మారే వైద్యాధికారుల కంటే, ఏళ్ళ తరబడి అదే గూడేలకు వెళ్ళే ఏఎన్‌ఎమ్‌ల మీద పెట్టిన ఆరు నెలల శ్రమ ఆ ప్రాంతంలోనే మిగులుతుంది. వారి పనిని కొలిచేటప్పుడు ఎంతమందికి కౌన్సెలింగ్ ఇచ్చారన్న లెక్కకు బదులు, అభినయ సంభాషణలో రోగి పాత్రధారి ఎంతసేపు మాట్లాడాడు, ఆమె ఎంతసేపు మాట్లాడింది, అడిగిన ప్రతి ప్రశ్నకు విన్న మాటను ఎన్నిసార్లు తిరిగి వినిపించింది అన్న మూడు అంశాలను నెలకొకసారి నమోదు చేస్తే చాలు. దీనికి గడియారం, కాగితం, వినే ఓపిక ఉన్న ఒక సహోద్యోగి తప్ప వేరే పరికరం అక్కరలేదు.