ఇఱుకు గుమ్మము – వేగయంత్రము

బెల్లంపల్లి, గోదావరిఖని బొగ్గుగనులలో పూర్వము కార్మికుడు తట్టతో బొగ్గు మోసి టబ్బు నింపెడివాడు. నిండిన టబ్బులను వరుసగా కూర్చి ఇనుపతాడుతో ఒక్కమారే లాగెడివారు. తట్టకొకమారు తాడు లాగినచో గనిలో ఎంత బొగ్గున్నను ఫలమేమి? కంప్యూటరుల చరిత్రలోను ఈ ప్రశ్నయే తలయెత్తినది.

అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థవారి 704 యంత్రము సెకండునకు 12,000 కూడికలు చేయగలిగెడిది. దానికి అంకెలనందించు కార్డులో, నిమిషమునకు 250 మాత్రమే చదువబడెడివి. ఒక్క కార్డు లోనికి వచ్చులోపల 2,880 కూడికలకు సరిపడు కాలము గడచిపోయెడిది. గాదె పెద్దదే, గుమ్మము ఇఱుకు.

ఆ యంత్రమునకు బీజగణితమును పోలిన భాషలో ఆజ్ఞలిచ్చుటకై జాన్ బాకస్ బృందము శ్రమించి 1957లో ఫోర్ట్రాన్‌ను వెలువరించినది. మనము వ్రాసినదానిని యంత్రభాషలోనికి మార్చు సాధనమే కంపైలరు. నిపుణుడు చేతితో వ్రాసినదానికన్న ఇది మందముగా నడచినచో ఎవ్వరును వాడరని వారు భయపడిరి. యంత్రకాలము అంత వెలగలది.

రాకపోకల విషయమున కంపైలరులు క్రమముగా కొన్ని ఉపాయములు నేర్చినవి. వేయి అంకెలను అచ్చువేయవలసినపుడు సహాయక కార్యక్రమమును వేయిమారులు పిలువక, అవి జ్ఞాపకకోశములో వరుసగా నున్నచో ఒక్కమారే పిలుచుట మొదటిది. అంకెల ఆకృతిని తెలుపు సూచనను మాటిమాటికి విప్పిచూడక, అనువాదవేళనే విప్పి సిద్ధపఱచుట రెండవది. ఒక నిలువ నిండుచుండగా వేఱొకదానిపై లెక్క సాగించుట మూడవది. దీనికి యంత్రము తోడు కావలెను. 1958లో వచ్చిన 709 యంత్రములో రాకపోకలకు ప్రత్యేకమార్గములు ఏర్పడి, ఆ తోడు లభించినది.

అయితే తొందర కూడదు. చదివిన మొదటి అంకెయే తరువాత ఎన్ని చదువవలెనో నిర్ణయించునపుడు అన్నిటిని ఒక్క మూటగా కట్టరాదు. వేగము కొఱకు ఫలితము మాఱినచో అది మేలు కాదు, ద్రోహము.

మన హైదరాబాదులో 1967లో డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసినది. ఆ సంస్థ నుండి 1969లో టి.డి.సి.–12 కంప్యూటరు వెలువడుటతో దూరదేశపు సమస్య మన యింటి సమస్యయు అయినది.

నేటి యంత్రములు నాటివానికన్న లక్షల రెట్లు వేగము గలవి. అయినను లోపలి వేగమును గుమ్మము నేటికిని అందుకొనలేదు. కావుననే టబ్బు నింపి పంపు ఆ పాత నేర్పునకు నేటికిని పని తప్పలేదు.