కొండదారికి సైకిల్ గేర్లు: ఎంపికలో చూడవలసినవి

కోల్‌కతా: సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న కోల్‌కతాలో సైకిల్ తొక్కేవారికి ఎగుడు అంటే వంతెన ఎక్కడమే. అదే సైకిల్‌తో సిలిగురి నుంచి డార్జిలింగ్‌కు హిల్ కార్ట్ రోడ్డు పడితే లెక్క మారుతుంది. సుమారు 120 మీటర్ల ఎత్తులోని సిలిగురి నుంచి 2,258 మీటర్ల ఎత్తున ఉన్న ఘూమ్ స్టేషన్ వరకు రెండు వేల మీటర్లకు పైగా ఎక్కాలి. 1881లో పూర్తయిన డార్జిలింగ్ చిన్న రైలుమార్గం చుట్టుమలుపులతో, ముందుకూ వెనుకకూ నడిచే పట్టాలతో ఈ వాలును సులభం చేసుకుంది. సైకిల్‌కు ఆ పని చేసిపెట్టేవి గేర్లు.

లెక్క ఎలా?

పెడళ్ల వద్ద ఉండే చక్రం పళ్లను వెనుక చక్రం పళ్లతో భాగిస్తే గేరు నిష్పత్తి వస్తుంది. గేర్లు లేని సాధారణ సైకిల్‌కు ముందు 44, వెనుక 18 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు 5.4 మీటర్లు సాగుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే వేగం గంటకు 19 కిలోమీటర్లు. సైకిల్‌తో కలిపి 80 కిలోల బరువును ఆ వేగంతో అయిదు శాతం వాలుపై ఎక్కించడానికే 200 వాట్లకు పైగా శక్తి కావాలి. అలవాటు లేనివారు దానిని ఎక్కువసేపు ఇవ్వలేరు. నెమ్మదిగా, బలవంతంగా తొక్కితే భారం మోకాళ్లపై పడుతుంది. ముందు 34, వెనుక 34 పళ్లుంటే ఒక చుట్టుకు సుమారు 2.1 మీటర్లే సాగుతుంది. వేగం 7.5 కిలోమీటర్లకు తగ్గినా, వాలుకు కావలసిన శక్తి 80 వాట్ల చుట్టుపక్కలకు దిగుతుంది.

సంఖ్య కాదు, నిష్పత్తి

దుకాణంలో ‘21 గేర్లు’ అన్న మాట కంటే ముందున్న అతిచిన్న చక్రానికి, వెనుక ఉన్న అతిపెద్ద చక్రానికి ఎన్నెన్ని పళ్లున్నాయో అడగాలి. ఆ నిష్పత్తి ఒకటి లేదా అంతకు తక్కువ ఉంటే కొత్తవారికి మేలు. సామాను మోసుకుపోయేవారికి 0.8 దరిదాపుల్లో ఉండటం మంచిది. తేలిక గేరు వాడటం చిన్నతనమన్న భావన పాతదే. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ పోటీలోనూ డిరేలర్‌ను 1937లో గాని అనుమతించలేదు.

డిరేలర్ సరిపోతుందా?

చైన్‌ను ఒక చక్రం నుంచి మరొక చక్రానికి మార్చే పరికరమే డిరేలర్. వెనుక పెద్ద చక్రం వేయించదలచినవారు మూడు అంశాలు పరిశీలించాలి. ఒకటి, ఆ డిరేలర్ గరిష్ఠంగా ఎన్ని పళ్ల చక్రాన్ని అందుకోగలదు. రెండు, ఎంత చైన్ వదులును లాగి ఉంచగలదు. ముందు 50, 34. వెనుక 11 నుంచి 34 పళ్లుంటే, తేడాలైన 16, 23 కలిపి 39 సామర్థ్యం అవసరం. ఇందుకు పొడవైన డిరేలర్ కావాలి. మూడు, హ్యాండిల్‌పై ఉన్న గేరు మీట దానితో జతపడాలి. చైన్ పొడవు చాలకపోతే రెండు పెద్ద చక్రాలపై పడినప్పుడు బిగుసుకుని డిరేలర్ విరిగే ప్రమాదం ఉంది.

ఎగుడు మొదలవడానికి ముందే, పెడల్‌పై ఒత్తిడి తగ్గించి గేరు మార్చుకోవాలి. ఎక్కిన దారే దిగవలసి ఉంటుంది కనుక బయలుదేరేముందు బ్రేకులు కూడా సరిచూసుకోవాలి. అరకు, శ్రీశైలం ఘాట్ దారులకూ ఇదే లెక్క వర్తిస్తుంది.