విద్య – పరమత సహనం: కృష్ణాతీరం చెప్పే సాక్ష్యం

చదువు పెరిగినకొద్దీ మనిషిలో పరమత సహనం పెరుగుతుందని చాలామంది నమ్మకం. ద్వేషానికి మూలం అజ్ఞానమేనని వారి వాదన. ఇందుకు భిన్నంగా, కలహాలకు సిద్ధాంతాలు సమకూర్చి పెట్టేది చదువుకున్నవారేననీ, అక్షరం ముక్క రాని పల్లెజనమే కలిసిమెలిసి బ్రతుకుతున్నారనీ చెప్పేవారూ ఉన్నారు. ఈ రెండింటిలో ఏది సత్యం? చరిత్రను సాక్ష్యమడిగితే అది రెండు వాదాలనూ కొంతవరకు బలపరచి, చివరకు ప్రశ్ననే సరిదిద్దుతుంది. ఆ సాక్ష్యం కొరకు తెలుగువారు దూరం పోనక్కరలేదు. కృష్ణా డెల్టాలో పామిడిముక్కలకు చేరువనే ఉన్న కూచిపూడి దగ్గర ప్రారంభించవచ్చు.

గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672–1687) ఈ ప్రాంతంలో పర్యటిస్తూ భాగవతుల ప్రదర్శన చూచి సంతోషించి, కూచిపూడి గ్రామాన్ని ఆ బ్రాహ్మణ కుటుంబాలకు దానమిచ్చాడని పరంపరగా చెప్పుకుంటారు. ఆడినవారు కృష్ణభక్తులు, చూచినవాడు ముస్లిం పాదుషా. ఆయన ప్రభుత్వాన్ని నడిపిన మాదన్న, అక్కన్న కూడా బ్రాహ్మణులే. ఇంతటి ఔదార్యం చూపిన తానీషా గొప్ప గ్రంథపండితుడా అంటే, ఆ ఖ్యాతి ఆయనకు లేదు. సింహాసనమెక్కక ముందు చాలాకాలం షా రాజూ అనే సూఫీ గురువు సన్నిధిలో గడిపినవాడు.

ఆయన రాజ్యాన్ని 1687లో జయించిన ఔరంగజేబు మాత్రం విద్యావంతుడు. ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసినవాడు. పలువురు ఉలమాను సమావేశపరచి 'ఫతావా ఆలంగీరీ' అనే బృహత్తర ధర్మశాస్త్ర సంకలనాన్ని సిద్ధం చేయించినవాడు. గోల్కొండపై ఆయన దండెత్తడానికి కప్పం బకాయిలు, మరాఠాలతో తానీషా పొత్తు, రాజ్యవిస్తరణ కాంక్ష వంటి కారణాలెన్నో ఉన్నాయి. అయితే బ్రాహ్మణుల చేతికి అధికారమిచ్చాడన్నది కూడా తానీషాపై మోపిన నేరాలలో ఒకటి.

ఇంతమాత్రాన చదువు సహనానికి శత్రువని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. ఔరంగజేబు అన్న దారా షికోహ్ అదే తండ్రి కుమారుడు, అదే రాచనగరులో విద్య నేర్చినవాడు. అతడు 1657లో పండితుల సహాయంతో ఉపనిషత్తులను ఫార్సీలోకి తెచ్చాడు. అన్నదమ్ములిద్దరిలో ఎవరి చదువు ఎక్కువ, ఎవరిది తక్కువ అని తూచి ప్రయోజనం లేదు. ఒకరి చదువు తన ధర్మం హద్దులను నిర్ణయించడం వైపు సాగింది. రెండవవారిది ఆ హద్దుకు ఆవలివారి మాట వినడం వైపు సాగింది.

ఇస్లామీయ చరిత్రలో ఇంకా పాత ఉదాహరణ ఖలీఫా మామూన్ (813–833). గ్రీకు శాస్త్రాలను అరబ్బీలోకి అనువదింపజేయడంలో ఆయన చూపిన ఆదరణ జగద్విదితం. విద్యాగోష్ఠులంటే ఆయనకు ప్రాణం. కాని అదే మామూన్ 833లో 'మిహ్నా' అనే విచారణ ప్రారంభించాడు. ఖుర్ఆన్ సృష్టించబడినదేనని ఒప్పుకొమ్మని ఉలమాను నిర్బంధించాడు. ఒప్పుకోని ఇమాం అహ్మద్ బిన్ హంబల్‌ను సంకెళ్లు వేసి తీసుకుపోయారు. తర్వాతి ఖలీఫా ముఅతసిం కాలంలో కొరడా దెబ్బలు కొట్టారు. ఇక్కడ హింసించినవారు మూఢులు కారు. తర్కం తమ పక్షాన ఉన్నదని ధీమాగా నమ్మిన మేధావులు. తన జ్ఞానం సంపూర్ణమని భావించినవాడు ఎదుటివాని నిరాకరణను మొండితనంగానే చూస్తాడు. అతని చేతిలో అధికారం కూడా ఉంటే తర్కం కొరడాగా మారుతుంది.

అల్‌బీరూనీ మార్గం వేరు. గజనీ మహమూద్ దండయాత్రలు సాగిన కాలంలోనే ఆయన సంస్కృతం నేర్చి, సుమారు 1030లో హిందూదేశాన్ని గూర్చి మహాగ్రంథం వ్రాశాడు. హిందువుల విశ్వాసాలను ఖండించడానికి గాక, వారు చెప్పినట్లుగానే పాఠకుల ముందుంచడానికి పూనుకున్నాడు. వారి లోపాలనుకున్నవాటిని దాచలేదు, తన విశ్వాసాన్నీ వదులుకోలేదు. మహమూద్ దాడులవల్ల హిందువుల మనస్సులలో ముస్లింలపట్ల విముఖత పెరిగిందని కూడా నిర్భయంగా వ్రాశాడు. పొరుగువాని భాషలో పొరుగువాని మాట విన్న జ్ఞానం ఇటువంటిది.

ఈ జ్ఞానానికైనా పరిమితి లేకపోలేదు. తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడిన ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) రాజు కాక ముందు సుమారు ఏడేండ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. తెలుగు రుచి ఎరిగాడు. అద్దంకి గంగాధరకవి తన 'తపతీసంవరణోపాఖ్యానము'ను ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నికంటి తెలగన 'యయాతి చరిత్ర' అంకితమయింది. అయినా 1565లో రామరాయలపై కత్తి దూసిన సుల్తానులలో ఇబ్రహీం కూడా ఒకడు. భాష తెలిసినంతమాత్రాన రాజకీయ ప్రయోజనాలు మాసిపోవు. కాని యుద్ధం ముగిసిన తర్వాత ఆయన తెలుగును విడువలేదు, కవులను వెళ్లగొట్టలేదు. గమనించవలసినది ఇదే.

గోల్కొండలో ఇది ఒక్క రాజు అభిరుచిగా మిగిలిపోలేదు, పాలనాపద్ధతిగా కూడా మారింది. 17వ శతాబ్దంలో ఫర్మానాలు ఫార్సీతోబాటు తెలుగులోనూ వెలువడ్డాయి. రేవుపట్నమైన మచిలీపట్నంలో ఇరానీ, డచ్చి, ఇంగ్లీషు వర్తకులు తెలుగు కోమట్లతో, నేతగాండ్రతో నిత్యం వ్యవహరించేవారు. 1618 నుండి 1622 వరకు అక్కడ ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్‌వోల్డ్, ఈ రాజ్యంలో మతం విషయమై ఎవరి మనస్సుకూ నిర్బంధం లేదని వ్రాసిపెట్టాడు. ఒకరి అవసరం మరొకరికి ఉన్నచోట ఒకరి మాట మరొకరు నేర్చుకోక తప్పదు. ఆ నేర్పు చాలాసార్లు బడిలోకంటె బజారులోనే లభించింది.

ఈ పరంపర రాజులతో అంతరించలేదు. 20వ శతాబ్దంలో దివ్య ఖుర్ఆన్‌ను మొట్టమొదట తెలుగులోకి అనువదించినవారు చిలుకూరి నారాయణరావుగారు. 'ఆంధ్రభాషా చరిత్రము' వ్రాసిన భాషాశాస్త్రవేత్త, బ్రాహ్మణ పండితుడు. ఆయన మతం మారలేదు. మారవలసిన అవసరమూ రాలేదు. పొరుగువారు పవిత్రంగా ఎంచుకునే గ్రంథంలో ఏమున్నదో తెలుగు చదువరికి తెలియాలన్న పనికి పూనుకోవడానికి పాండిత్యంతోబాటు గౌరవభావం కూడా కావాలి.

కావున విద్య ఎంత అన్నది కాదు, ఎటువంటి విద్య అన్నదే అసలు ప్రశ్న. తన గ్రంథాలను మాత్రమే చదివి, ఎదుటివారిని గూర్చి తనవారు వ్రాసిన ఖండనలతో తృప్తిపడే చదువు ఎంత పెరిగినా సహనం పెరగదు. అహంకారానికి ఆధారాలు మాత్రం పెరుగుతాయి. మద్రసా చదువుకైనా, విశ్వవిద్యాలయ పట్టాకైనా ఈ మాట సమానంగా వర్తిస్తుంది. కృష్ణా డెల్టాలో ఒకే బస్సులో ప్రయాణించి ఒకే కాలేజీలో చదివే హిందూ ముస్లిం యువకులలో, రెండవవాని పండుగ ఎందుకు వచ్చిందో వాని నోటనే విన్నవారు ఎందరుంటారు? మానవులను జాతులుగా, తెగలుగా చేసినది పరస్పరం తెలుసుకొనేందుకేనని ఖుర్ఆన్ 49వ సూరా బోధిస్తున్నది. తెలుసుకోవడమంటే ఎదుటివానిని గూర్చి చెప్పగలగడం మాత్రమే కాదు, ఎదుటివాడు చెప్పేది వినగలగడం కూడా.