ఏతం మాను నుంచి టార్క్ దాకా

ట్రాక్టర్ కొనేటప్పుడు హార్స్ పవర్‌తో పాటు టార్క్ ఇన్ని న్యూటన్ మీటర్లు అని చెప్తారు. మనం తలూపి వచ్చేస్తాం. నిజానికి ఆ టార్క్ మనకి కొత్తదేం కాదండీ. కరెంటు మోటార్లు రాకముందు మన తాతలు దాన్ని కాళ్ళతో తొక్కారు. అదే ఏతం.

కుర్రాళ్ళు చూసి ఉండరు కాబట్టి చెప్తున్నాను. బావి గట్టున నిలువు స్తంభం, దాని మీద అడ్డంగా పొడుగాటి మాను, మాను కొసకి గడ, గడకి బాన. మనిషి మాను మీద ముందుకి నడిస్తే బాన బావిలో దిగేది, వెనక్కి నడిస్తే నీళ్ళతో లేచేది. మనిషి బరువు అంతే ఉంది, ఇరుసు నుంచి దూరమే మారింది. బలాన్ని ఆ దూరంతో హెచ్చవేస్తే వచ్చేదే టార్క్, అంటే తిప్పే బలం.

ఇలాంటి సాధనమే ఈజిప్టులోనూ ఉంది. క్రీ.పూ. 13వ శతాబ్దం నాటి ఇపుయ్ సమాధి గోడ మీద దాని బొమ్మ ఉంది. అక్కడ మనిషికి బదులు వెనక కొసన బరువు కట్టేవాళ్ళు. ఆ తర్వాత వెయ్యేళ్ళకి, క్రీ.పూ. 3వ శతాబ్దంలో, సిసిలీలోని సిరక్యూస్ వాడైన ఆర్కిమెడిస్ దీన్ని సూత్రంగా రుజువు చేశాడు. 2 మీటర్ల దూరంలో వేలాడే 30 కిలోలకి, ఇవతల 1 మీటరు దూరంలో 60 కిలోల మనిషి సరిజోడు. ఇంకో అడుగు వెనక్కి వేశాడా, బాన లేచినట్టే.

మరి కోణం సంగతేంటి? మాను తిన్నగా ఉంటే, వాలినా రెండు వైపులా ఒకే లెక్కన తగ్గుతుంది, తేడా తెలియదు. మీట వంకరగా ఉంటేనే చిక్కు. 13వ శతాబ్దంలో యూరప్‌లో జోర్డానస్ పేరు మీద వచ్చిన గ్రంథం ఆ ముడి విప్పింది. మీట ఎంత పొడుగని కాదు, బరువు ఇరుసుకి అడ్డంగా ఎంత దూరంలో వేలాడుతోందన్నదే లెక్క అని తేల్చింది. ఇప్పుడు పుస్తకాల్లో ఉండే సైన్ అదే.

పానాతో చూడండి. అర మీటరు పానా కొసన 200 న్యూటన్లు, అంటే సుమారు 20 కిలోల బలంతో, నిటారుగా 90 డిగ్రీల్లో లాగితే 100 న్యూటన్ మీటర్లు. అదే బలంతో 30 డిగ్రీల్లో ఏటవాలుగా లాగితే 50 మాత్రమే. సగం కష్టం వృథా.

టార్క్ అనే పేరు అచ్చులోకి వచ్చింది 1884లో. పేరు సూచించింది జేమ్స్ థామ్సన్ అంటారు. లాటిన్‌లో మెలిపెట్టడం అని దాని మూలార్థం.

ఇన్ని పేర్లు పుస్తకాలకెక్కాయి. పంట తడపడానికి పొద్దస్తమానం మాను మీద నడిచినవాడి పేరు మాత్రం ఎక్కలేదు. కాలు జారితే బావిలో పడాల్సిందే, అయినా ఎక్కడ అడుగు వెయ్యాలో ఆ పాదాలకి తెలుసు. మీ ఊళ్ళో ఏతం తొక్కిన పెద్దాయన ఇంకా ఉంటే, వెళ్ళి అడిగి, ఆయన పేరుతో సహా రాసిపెట్టండి.