జాతీయ చర్చావిషయమును నిర్ణయించువారెవరు? సూరత్ నియోజకవర్గ సాక్ష్యము

దేశరాజకీయములలో చర్చావిషయమును నిర్ణయించువారు పాలకులా, ప్రతిపక్షులా యను ప్రశ్నకు సభానిబంధనలను మాత్రమే చూచి సమాధానము చెప్పినచో, సభాకాలములో అధికభాగము ప్రభుత్వాధీనమై యుండుటచేత, పాలకులే యని తేల్చవలసివచ్చును. కాని తాపీనది సముద్రమును గలియు తావునకు చేరువను, నల్లని యిసుకతో నొప్పు డుమస్ తీరమునకు పొరుగునను నున్న సూరత్ నగరము పార్లమెంటునకు పంపిన యొక ప్రతినిధి చరిత్ర యా తీర్పును నిలువనీయదు. 1957 మొదలు 1977 వరకు జరిగిన అయిదు లోక్‌సభ యెన్నికలలోను సూరత్ నుండి గెలిచిన మొరార్జీ దేశాయి ఆర్థికమంత్రిగను, ప్రతిపక్షీయుడుగను, ప్రధానమంత్రిగను వర్తించినందున, రెండు పక్షముల బలాబలములును ఒక్కని జీవితమునందే పరీక్షకు లభించుచున్నవి.

బ్యాంకులపై సాంఘిక నియంత్రణము చాలునని మొరార్జీ వాదించుచుండగా, 1969 జూలై 16న ఇందిరాగాంధీ ఆయననుండి ఆర్థికశాఖను తీసికొని, 19వ తేదీన 14 బ్యాంకులను జాతీయము చేసెను. ఈ జాతీయకరణపు కోరిక ప్రభుత్వమునందు పుట్టినది కాదు. కమ్యూనిస్టులును, కాంగ్రెసులోని యువవర్గమును చిరకాలముగా పలుకుచు వచ్చినదే. పాలకులకు దక్కినది ముహూర్తనిర్ణయము మాత్రమే, కాని ఆ ముహూర్తబలము సామాన్యమైనది కాదు. 1971లో ప్రతిపక్షములు ఇందిరను తొలగింపుడనగా, ఆమె పేదరికమును తొలగింపుడనెను. ఒక వ్యక్తి నిష్క్రమణమును మాత్రమే కోరువారు ప్రజలకు విచారింపదగిన విషయము నిచ్చినవారు కారని నా దృఢాభిప్రాయము.

గుజరాతు నవనిర్మాణోద్యమము మరింత లోతైన సాక్ష్యము. అహమ్మదాబాదులోని యెల్.డి. ఇంజనీరింగు కళాశాల వసతిగృహమున భోజనవ్యయము పెరిగినందుకు విద్యార్థులు లేవదీసిన అలజడి, ధరలభారముతో క్రుంగుచున్న గృహస్థుల గోడుతో గలిసి, 1974 ఫిబ్రవరి 9న ముఖ్యమంత్రి చిమన్‌భాయి పటేలు రాజీనామాకు దారితీసెను. దీనిని ప్రారంభించినది ఏ పక్షమును కాదు. మొరార్జీ మార్చిలో నిరాహారదీక్ష పూని శాసనసభారద్దును సాధించి, ఎన్నికలు వాయిదాపడుచుండగా 1975 ఏప్రిల్ 7న మరల దీక్షకు గూర్చుండి, జూన్‌లో వానిని జరుపుదుమను అంగీకారమును పొందెను. ప్రజల నోట పుట్టిన ప్రశ్నకు ప్రతిపక్షము గడువు విధింపగలుగుట, పాలకుల ముహూర్తాధికారమును వారి చేతినుండియే తీసికొనుట, ఇచ్చట స్పష్టముగా గోచరించును. జూన్ 25 రాత్రి వచ్చిన అత్యవసర పరిస్థితి, మొరార్జీని చెరబట్టి, పత్రికలను సెన్సారునకు లోబరచి, ఆ యధికారమును బలాత్కారముగా తిరిగి గైకొన్నది.

1977 ఎన్నికలలో జనతాపార్టీ గెలిచి మొరార్జీ ప్రధానియైన పిదప జరిగినది విచారకరము. అత్యవసరాధికారములకు కట్టుదిట్టములు చేసిన 44వ రాజ్యాంగ సవరణమువంటి మేలైన కార్యము నడచుచున్నను, అత్యవసరకాలపు అక్రమములపై షా కమిషను విచారణయు, 1977 అక్టోబరు 3న ఇందిరను నిర్బంధించి మరునాడే విడువవలసివచ్చుటయు, 1978లో చిక్కమగళూరున ఆమె గెలుపును, పదవిలేని నాయకురాలినే దేశమంతటి మాటగా చేసినవి. 1979 జూలైలో అంతఃకలహములచే మొరార్జీ రాజీనామా యిచ్చెను.

అయినను ఈ చర్చ నిజముగా దేశవ్యాప్తమైనదా? 1977లో గుజరాతున జనతాపార్టీ 26 స్థానములలో 16 గెలువగా, ఆంధ్రప్రదేశమున 42లో 41 కాంగ్రెసునకే దక్కినవి. నంద్యాలనుండి నీలం సంజీవరెడ్డి యొక్కడే జనతా పక్షమున నెగ్గెను. 1969లో రాష్ట్రపతి పదవికి ఆయన పొందిన పరాజయమే కాంగ్రెసు చీలికకు దారితీసినదన్నను, ఇందిరతో ఆయన వర్గమునకు గల ఆ వైరము తెలుగు ఓటరును కదలింపలేదు. ఉత్తరాదిని కలచివేసిన బలవంతపు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సల తీవ్రత ఇచ్చట లేదు. 1969లో తెలంగాణము, 1972-73లో కోస్తా, రాయలసీమలు ప్రత్యేక రాష్ట్రోద్యమములతో అట్టుడికి, 1973 నాటి ఆరుసూత్రముల పథకముతో అప్పుడప్పుడే కుదుటపడుచున్న యీ ప్రాంతమున, ఉద్యోగములు, విద్యావకాశములు ఏ ప్రాంతమువారికెన్ని యనునదియే ఆనాటి వాదము.