పన్నెండు నిమిషాల తొమ్మిది సెకన్లు

1965 మార్చి 18, గురువారం. ఇవాళ నువ్వు అలెక్సీ లియోనోవ్‌వి. వయసు ముప్ఫై. మాస్కో కాలమానం ప్రకారం ఉదయం పది గంటలకు బైకనూరు నుంచి లేచిన వోస్ఖోద్-2 నౌక నిన్ను భూమి చుట్టూ తిప్పుతోంది. గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్ల వేగం. అయినా వెంట్రుక కదిలినంత కుదుపు కూడా లేదు. నువ్వున్నది నౌక క్యాబిన్‌లో కాదు, దాని పక్కన బయటికి పొడుచుకొచ్చిన గుడ్డ గొట్టంలో. పొడవు రెండున్నర మీటర్లు, లోపలి వెడల్పు మీటరు. చేతులు చాపితే రెండు పక్కలా గోడే.

దీని పేరు వోల్గా. క్యాబిన్ తలుపు తెరుచుకుని బయటికి వెళ్లక మధ్యలో ఈ గొట్టం ఎందుకంటావా? నౌకలోని ఎలక్ట్రానిక్ పరికరాలు గాలి తగిలితేనే చల్లగా ఉంటాయి. క్యాబిన్‌లో గాలి తీసేస్తే అవి వేడెక్కి పాడైపోతాయి. అందుకే ఈ మధ్యగదిని మడతపెట్టి నౌకకు బిగించి తెచ్చి, కక్ష్యలోకి వచ్చాక గాలి నింపి నిలబెట్టారు. ఈ ప్రయాణం మొత్తాన్ని నడిపిస్తున్నది గాలే. రాకెట్ల గురించి మనం ఎంతో చెప్పుకుంటాం, వ్యోమగాములు మోసుకెళ్లే గాలి గురించి తక్కువ చెప్పుకుంటాం. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది.

లోపలి తలుపు అవతల కమాండర్ పావెల్ బెల్యాయెవ్ ఉన్నాడు, నీకంటే తొమ్మిదేళ్లు పెద్దవాడు. గొట్టంలోని గాలిని బయటికి వదిలేశాడు. నీ చుట్టూ ఇప్పుడు శూన్యం. నీ గాలి నీ స్పేస్‌సూట్‌లోనూ, వీపున కట్టుకున్న సిలిండర్లలోనూ ఉన్నదే. బయటి తలుపు తెరుచుకుంటుంది. ఎండ కళ్లలో పొడుస్తుంది. భూమ్మీద వాతావరణం వడపోసి మెత్తబరిచి ఇచ్చే ఎండ కాదిది, వడపోత లేని ఎండ. తల బయటపెడతావు. కింద ఆఫ్రికా ఉత్తర భాగం.

వదిలెయ్, చేతులు వదిలెయ్. కాలితో చిన్నగా తోస్తే చాలు, నౌక నుంచి దూరంగా జరుగుతావు. నిన్ను నౌకకు కట్టి ఉంచినది సుమారు ఐదు మీటర్ల తాడు. పట్టుకోవడానికి ఇంకేమీ లేదు. నీ ఊపిరి చప్పుడు, నీ గుండె చప్పుడు తప్ప మరో శబ్దం లేదు. అంత ఎండలోనూ ఆకాశం నల్లగా ఉంది. కింద నల్ల సముద్రం, కాకసస్ కొండల మీద మంచు, ఆ తర్వాత వోల్గా నది. చిన్నప్పుడు స్కూలు గోడకు వేలాడిన పటం ఎంత నిజమో నీ కళ్లతో నువ్వే సరిచూసుకుంటున్నావు. మనిషన్నవాడు నౌక విడిచి అంతరిక్షంలో ఒంటరిగా తేలడం ఇదే మొదలు.

ఈ దృశ్యం టీవీలో వస్తోంది. ఇంట్లో నీ నాలుగేళ్ల కూతురు అది చూడలేక ముఖం దాచుకుని ఏడుస్తోంది. మీ నాన్న, పని ముగించుకుని లోపలికి పోకుండా బయట ఈ ఆటలేమిటని కోప్పడుతున్నాడు. ఈ సంగతి నీకు తర్వాత తెలుస్తుంది. నువ్వే దాన్ని పదిమందికీ చెప్పుకుంటావు.

ఇప్పుడు పని చూడు. ఛాతీ మీద ఫొటో కెమెరా ఉంది. దాని మీట తొడ దగ్గర. చెయ్యి చాపుతావు, అందదు. మళ్లీ చాపుతావు, అందదు. వేళ్లు మడవబోతే ఏదో తేడాగా ఉంది. చేతి తొడుగు చివరన నీ వేళ్లు లేవు, వెనక్కి జారిపోయాయి. పాదాలు కూడా బూట్ల అడుగున ఆనడం లేదు. గాలి ఎక్కువ కొట్టిన సైకిల్ ట్యూబులా సూట్ మొత్తం బిర్రబిగిసి, నువ్వు దాని లోపల వదులుగా ఊగుతున్నావు.

ఏం జరిగిందో ఆలోచించు. సూట్ లోపల 0.4 అట్మాస్ఫియర్ల పీడనంతో ఆక్సిజన్ ఉంది. భూమ్మీద పీడనంలో ఇది సగం కూడా లేదు. కానీ బయటినుంచి ఎదురు నెట్టడానికి ఏమీ లేనప్పుడు ఈ కొద్దిపాటి పీడనమే సూట్‌ను అన్ని వైపులా తోసేస్తుంది. నేలమీది పరీక్షల్లో ఈ ఉబ్బు ఇంతగా బయటపడలేదు. వచ్చినప్పటికీ, పోయేటప్పటికీ మధ్య సూట్ పెరిగిపోయింది. గొట్టం వెడల్పు మాత్రం అదే మీటరు.

తిరిగి లోపలికి కాళ్లు ముందు పెట్టి వెళ్లాలని పథకం. అలా అయితే తల తలుపు వైపు ఉంటుంది, చేత్తో తలుపు సంగతి చూసుకోవచ్చు. కానీ వేళ్లే లేని తొడుగుతో తాడు చుట్టుకోవడం ఎలా? గొట్టం అంచు దగ్గర బిగించిన సినిమా కెమెరాను విప్పి లోపలికి తోస్తావు, అది మళ్లీ మళ్లీ బయటికి తేలి వస్తుంది. చెమట కళ్లలోకి దిగుతోంది. హెల్మెట్ లోపల తుడుచుకునే దారి లేదు. ఇంకొద్ది నిమిషాల్లో నౌక భూమి నీడలోకి జారుతుంది, చీకటి పడుతుంది.

సూట్‌కు ఒక వాల్వ్ ఉంది. తిప్పితే లోపలి ఆక్సిజన్ కొంత బయటికి పోయి పీడనం 0.27కు దిగుతుంది. సూట్ మెత్తబడుతుంది, వేళ్లు మళ్లీ పనిచేస్తాయి. అయితే అందులో ఒక ప్రమాదం పొంచి ఉంది. మామూలు గాలి పీల్చినప్పుడు మన రక్తంలో నైట్రోజన్ కరిగి ఉంటుంది. చుట్టూ పీడనం ఒక్కసారిగా పడిపోతే అది బుడగలు కడుతుంది. లోతు నీళ్లలోంచి గబగబా పైకొచ్చే డైవర్లను కీళ్ల నొప్పులతో మెలితిప్పేదీ, ఒక్కోసారి ప్రాణం తీసేదీ ఇదే. బయటికొచ్చే ముందు నువ్వు చాలాసేపు ఒట్టి ఆక్సిజన్ పీల్చి కొంత నైట్రోజన్ వదిలించుకున్నావు. అది సరిపోయిందా? ఎవరు చెప్పగలరు?

కింద నేలమీద ఉన్నవాళ్లను అడగవచ్చు. నువ్వు అడగలేదు. వాళ్లు చర్చించి తేల్చేలోపు సమయం మించిపోతుంది, పైగా ఇక్కడి సంగతి నీకు తెలిసినంతగా వాళ్లకు తెలియదు. ఈ నిర్ణయాన్ని తొందరపాటు అనేవాళ్లూ ఉంటారు. నేను అననుగాక అనను. వాల్వ్ మీద చెయ్యి వెయ్. కొంచెం కొంచెంగా తిప్పు.

వేళ్ల చివర్లలో జివ్వుమంటున్న తిమ్మిరి. అయినా ఆపకు. సూట్ కుంగుతోంది. గొట్టం అంచు చేతికి చిక్కింది. కాళ్లు ముందా తల ముందా అనే లెక్క ఇక లేదు, తల ముందు పెట్టి దూరిపో. దూరావు. కానీ తలుపు ఇప్పుడు నీ కాళ్ల దగ్గర ఉంది. అది సరిగ్గా మూసుకుందో లేదో చూసుకోవాలంటే తిరగాలి. మీటరు వెడల్పు గొట్టంలో, వీపున సిలిండర్లతో, ఉబ్బిన సూట్‌తో మోకాళ్లు ముడిచి, మెడ వంచి, భుజంతో గోడను తోసుకుంటూ అడ్డంగా తిరుగుతావు. ఒంటి వేడి దాదాపు రెండు డిగ్రీలు పెరిగింది. చివరికి తలుపు పడింది. గొట్టంలోకి గాలి వచ్చింది. హెల్మెట్ అద్దం తీసి ముఖం తుడుచుకుంటావు.

బయట ఉన్నది 12 నిమిషాల 9 సెకన్లు.

గాలి గొడవ అంతటితో తీరలేదు. క్యాబిన్‌లో ఆక్సిజన్ పాళ్లు పెరుగుతూ పోయాయి. ఇద్దరికీ వాలెంటిన్ బొందరెంకో గుర్తొచ్చి ఉంటాడు. మీతోపాటు ఎంపికైన కుర్రాడు. 1961 మార్చిలో ఆక్సిజన్ నిండిన శిక్షణ గదిలో మంటలంటుకుని చనిపోయాడు. ఒక్క నిప్పురవ్వ పుట్టినా నౌక మిగలదు. క్యాబిన్‌లో వేడినీ తేమనూ తగ్గించి కాచుకుని కూర్చున్నారు. కొన్ని గంటలకు గండం గడిచింది.

దిగే వేళ ఆటోమేటిక్ యంత్రాంగం మొండికేసింది. బెల్యాయెవ్ చేత్తోనే నౌకను సరిచేసి ఇంజిన్ మండించాడు. కిటికీలోంచి భూమిని గురిచూడటానికి సీట్ల మీద అడ్డంగా పడుకోవలసి వచ్చింది, నువ్వు అతణ్ని పట్టుకున్నావు. మళ్లీ సీట్లలోకి సర్దుకునేసరికి 46 సెకన్లు ఆలస్యం. అనుకున్న చోటికి 386 కిలోమీటర్ల అవతల, పెర్మ్ ప్రాంతపు అడవిలో, నిలువెత్తు మంచులో దిగారు. తోడేళ్లు, ఎలుగులు తిరిగే టైగా అది. నౌక తలుపు ఊడిపోయింది కాబట్టి లోపలా బయటా ఒకటే చలి. సూట్‌లో మోకాళ్ల దాకా చెమట నిలిచి ఉంది. బట్టలన్నీ విప్పి పిండి మళ్లీ వేసుకున్నావు. తడిబట్టతో ఉంటే గడ్డకట్టుకుపోతావు మరి. రెండు రాత్రులు అడవిలోనే గడిచాయి. రెండో రాత్రికి స్కీల మీద సాయం వచ్చింది. మూడో రోజున మీరూ స్కీలు కట్టుకుని దాదాపు తొమ్మిది కిలోమీటర్లు నడిచి హెలికాప్టర్ ఎక్కారు. అప్పటికి నువ్వు ఆరు కిలోలు తగ్గావు.

ఇక నువ్వు నీలోకి తిరిగి వచ్చెయ్. పదేళ్ల తర్వాత, 1975లో, ఇదే లియోనోవ్ సోయుజ్ నౌకకు కమాండర్‌గా వెళ్లి అంతరిక్షంలో అమెరికన్ వ్యోమగాములతో చేతులు కలిపాడు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన తండ్రికి పుట్టిన వ్యోమగామి రాజాచారి, లియోనోవ్ తెరిచిన దారిలోనే, 2022 మార్చిలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి రెండుసార్లు స్పేస్‌వాక్ చేశాడు. ఇప్పటికీ తలుపు తెరిచే ముందు వ్యోమగాములు ఒట్టి ఆక్సిజన్ పీల్చి నైట్రోజన్ వదిలించుకుంటారు. ఇప్పటికీ సూట్‌లో పీడనం భూమ్మీద ఉన్నదాంట్లో మూడోవంతుకు దగ్గరే, అంతకు మించి పెంచితే వేళ్లు మడవడం కష్టం. పీడనం తగ్గితే వాయువు ఎంత పరుచుకుంటుందో చెప్పే బాయిల్ నియమం నీ భౌతికశాస్త్రం పుస్తకంలోనూ ఉంటుంది. మార్కుల కోసం బట్టీపట్టి వదిలెయ్యకు. సూట్ వాల్వ్ మీద చెయ్యి వేసినవాడివనుకుని ఆ పాఠం ఇంకోసారి చదువు.