పాత కారుకు పార్టు దొరకాలంటే



తాతగారి నాటి కారు ఒకటి మీ ఇంటి షెడ్డులో ఏళ్ళ తరబడి ఉండిపోయిందనుకోండి. దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాలనుకుంటే మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న, "పార్టులు ఎక్కడ దొరుకుతాయి?" అని. దీనికి జవాబు దుకాణంలో కంటే ముందు చరిత్రలో వెతకాలి.

మన గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలో ఉండేది. ఆ రోజుల్లో కార్లు విదేశాల నుంచే వచ్చేవి. కొన్ని విడిభాగాలుగా దిగుమతై ఇక్కడ బిగింపబడేవి. జనరల్ మోటార్స్ కంపెనీ 1928లో బొంబాయిలో ఆ పని మొదలుపెట్టింది. ఫోర్డు కంపెనీ కూడా అదే బాట పట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1953లో టారిఫ్ కమిషన్ ఒక సిఫార్సు చేసింది. కార్లను ఈ దేశంలోనే తయారుచేసే ప్రణాళిక ఉన్న కంపెనీలకే ఇక్కడ చోటు అన్నది దాని సారాంశం. ఫోర్డు, జనరల్ మోటార్స్ రెండూ తప్పుకున్నాయి. దాంతో షెవర్లే, ఫోర్డు కార్లు ఉన్నవారికి కొత్త పార్టులు రావడం కష్టమైపోయింది. అరిగినదాన్ని లేతు మీద చెక్కించుకోవాలి, లేదా మరో పాత కారు నుంచి ఊడదీసుకోవాలి.

నిలిచిన కంపెనీలలో ముఖ్యమైనవి మూడు: కలకత్తా పక్కన ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. బరంపురం కలకత్తా-మద్రాసు దారిలో ఉంది. కలకత్తా ఇక్కడికి సుమారు 600 కిలోమీటర్లు. మద్రాసు వెయ్యి పైమాటే.

వీటిలో అంబాసిడర్ సంగతి చూడండి. 1957లో వచ్చిన ఈ కారు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు నకలు. 1959 నుంచి దీనికి 1,489 సి.సి. ఇంజన్ పెట్టారు. అది ఇంగ్లండులో 'బి సిరీస్' అనే కుటుంబానికి చెందింది. తొలినాటి ఎం.జి.ఎ. స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఆ కుటుంబం ఇంజనే. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. కానీ ఇంగ్లండులో ఆ పాత కార్లను కాపాడుకునేవారి కోసం బి సిరీస్ పార్టులు ఈనాటికీ తయారవుతున్నాయి. కనుక దుకాణంలో "అంబాసిడర్ పార్టు" అని మాత్రమే అడగకండి. ఇంజన్ మీద కొట్టిన నెంబరు రాసుకుని, దాని కుటుంబం పేరుతో అడగండి. నమూనాగా పాత పార్టును వెంట తీసుకువెళ్ళండి.

పార్టు దొరికాక ట్యూనింగ్. ఇందులో వరుస ముఖ్యం. ముందు టాపెట్లు. ఎనిమిది వాల్వులకు 'తొమ్మిది లెక్క' ఉంది. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాన్ని, ఏడోది తెరుచుకున్నప్పుడు రెండోదాన్ని సరిచేయాలి. రెండంకెలూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. సందు అంగుళంలో వెయ్యింట 15 వంతులు. పాయింట్లకూ అదే బ్లేడు సరిపోతుంది. ప్లగ్గులకు 25. గోపాల్‌పూర్ ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో పాయింట్లనూ, ఎర్త్ తీగ బిగింపునూ తరచు శుభ్రం చేసుకోవాలి. ప్లగ్గు తీగలు 1-3-4-2 వరుసలో ఉన్నాయో లేదో చూసి, టైమింగ్ సరిచేయండి. కార్బొరేటర్ జోలికి ఆఖరునే వెళ్ళాలి. అది ఎస్.యూ. రకమైతే, ఇంజన్ వేడెక్కాక లోపలి పిస్టన్‌ను కొద్దిగా పైకి లేపండి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ. క్షణం పెరిగి సర్దుకుంటే సరిగా ఉన్నట్టు.

పెట్రోలు కూడా మారిందని మరవకండి. దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. పాత ఇనుప హెడ్డులో వాల్వు సీట్లను అరిగిపోకుండా కాపాడింది ఆ సీసమే. అందుకే హెడ్డు విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించడం మంచిది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు 2023లో మొదలైంది. అది పాత రబ్బరు గొట్టాలనూ, పంపులోని డయాఫ్రమ్‌నూ పాడుచేయగలదు. వాటిని ముందే మార్చుకోండి.

చాలామంది ఈ శ్రమ పడలేక పాత ఇంజన్ తూకానికి అమ్మేసి, చేతికందిన డీజిల్ ఇంజన్ బిగించారు. రోజూ బాడుగకు తిప్పేవారికి అది బతుకుతెరువు. వారిని తప్పు పట్టలేం. కానీ 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారని వాహనాలకే అది వర్తిస్తుంది. పదేళ్ళు చెల్లుతుంది. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ తప్ప రోజువారీ తిరుగుడుకు పనికిరాదు.

అంటే తూకానికి పోయిన ఆ ఇంజన్‌తోపాటు కారుకు చరిత్రలో ఉండే చోటు కూడా పోతుంది. కనుక మీ షెడ్డులో మొరాయించిన ఇంజన్ ఉంటే అమ్మకండి. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, కొన్ని రోజులు నానబెట్టండి. తరవాత ఈ తరం కార్లు విప్పిన పాత మేస్త్రీని పిలవండి. ఆయన పక్కన మీ ఇంటి కుర్రవాణ్ణి నిలబెట్టండి. పార్టు ఇంగ్లండు నుంచైనా తెప్పించుకోవచ్చు. చెవితో విని ఇంజన్ బాధ చెప్పే ఆ విద్య మాత్రం ఎదురుగా నిలబడి నేర్చుకోవలసిందే.